అతిథి పాట – ఆతిథేయుని ధర్మము

పాటకు మతమున్నదా అని అడుగుట పాత వాడుక. ఖవ్వాలీకి ఉన్నది, భజనకు ఉన్నది, క్రైస్తవ కీర్తనకు ఉన్నది. ఉండుటలో దోషము లేదు. మా ముందున్న ప్రశ్న వేరు. ఒక మతము వారి పాటను వేరొక మతము వారు అధిక సంఖ్యలో నివసించు దేశమునకు పోయి పాడవలసి వచ్చినప్పుడు, పాడువారి ధర్మమేమి? చోటిచ్చువారి ధర్మమేమి?

గోదావరిఖని, రామగుండము వాసులకు ఈ ప్రశ్న దూరపుది కాదు. గనులలో కొలువు దొరకని యువకులు, పాత కరీంనగరు జిల్లా పల్లెల వారు దశాబ్దములుగా దుబాయి, కువైటు, ఖతరు, బహరేను బాట పట్టుచున్నారు. వారిలో అన్ని మతముల వారు ఉన్నారు. క్రైస్తవులు అక్కడ తెలుగు సంఘములుగా కూడుకొనుచున్నారు. పండుగలకు ఇక్కడి గాయక బృందములు తబలా, గిటారులతో పోయి పాడి వచ్చుచున్నవి.

అక్కడి స్థితి అంతటా ఒకే తీరుగా లేదు. బహరేనులో 1939లోనే సేక్రెడ్ హార్ట్ చర్చి వెలసినది. అబూధాబిలో 1965లో సెయింట్ జోసెఫ్ చర్చి ఏర్పడినది. కువైటులో 1999లో ఇమ్మాన్యుయేల్ గరీబ్ అను కువైటు పౌరుడే పాదిరిగా అభిషిక్తుడైనాడు. దోహాలో 2008లో చర్చి తెరచిరి గాని, వెలుపల శిలువ గుర్తు కనబడదు. సౌదీ అరేబియాలో బహిరంగముగా ఒక్క చర్చియు లేదు. కువైటు వంటి చోట్ల వారపు సెలవు శుక్రవారము గనుక అనేక సంఘములు ఆదివారపు ఆరాధనను ఆనాడే జరుపుకొనును. ముస్లిములలో మతప్రచారము ఖతరు, ఎమిరేట్సు దేశములలో నిషిద్ధము. బృందము ప్రాకారము లోపలనే పాడవలెను.

ఇట్టి కట్టుబాట్లకు తలయొగ్గుట అవమానము, పోనే రాదని కొందరందురు. లోనికి రానిచ్చుటే మహోపకారము, ఇంకేమి కావలెనని మరికొందరందురు. ఈ రెండింటిని మేము అంగీకరింపజాలము. మొదటివారు శ్రోతను మరచినారు. వారమంతయు ఎండలో పని చేసి, శుక్రవారమునాడు తన భాషలో ఒక కీర్తన వినగోరు కార్మికుడు మన పౌరుషమునకు మూల్యము చెల్లింపనేల? రెండవవారు హక్కును మరచినారు. మన రాజ్యాంగము 30వ అధికరణము ద్వారా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పుకొను హక్కును ఇచ్చినది. అది ఒకరి దయ కాదు. ఇక్కడ హక్కని చెప్పుకొనునది అక్కడ ఇతరులకు దయగా మారునా?

ఇస్లాము చరిత్రయే ఇందుకు సమాధానము చెప్పుచున్నది. మక్కాలో హింసకు గురియైన తొలి ముస్లిములు క్రీ.శ. 615 ప్రాంతమున సముద్రము దాటి అబిసీనియాకు పోయిరి. అచటి రాజు నజాషీ క్రైస్తవుడు. ఆయన కొలువులో హజ్రత్ జాఫర్ మర్యం సూరాలోని వాక్యములను పఠింపగా, రాజు కన్నీరు పెట్టుకొనెనని, వారిని శత్రువులకు అప్పగింప నిరాకరించెనని ప్రవక్త జీవిత చరిత్రకారులు వ్రాసిరి. పరాయి గడ్డపై, పరాయి మతస్థుని ఎదుట, తమ వాక్యమును తమ స్వరముతో వినిపించిన తొలి అతిథులు వారే. ఆనాటి ఆతిథ్యమును తలచుకొను ప్రతి ముస్లిము సమాజము నేటి క్రైస్తవ గాయకులకు ఋణపడియున్నదని మా అభిప్రాయము.

మన సమీపముననే మరొక ఉదాహరణము కలదు. సింగరేణి రైలుమార్గము చీలు డోర్నకల్లు ఆనాడు నిజాము రాజ్యములోనిది. 1912లో బిషప్పు అయిన అజరయ్య గారు ఆరాధనలో దేశీయ సంగీతమును ప్రోత్సహించిరి. అచట 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయము గుమ్మటములను, మీనారుల పోలికలను తనలో కలుపుకొని నిలిచినది. ఇరుగుపొరుగును గౌరవించినందున ఆ విశ్వాసమునకు ఏ లోటును రాలేదు.

పోవువారికిని ధర్మమున్నది. తమది తాము నిండుగా పాడవలెను; ఆతిథేయుని విశ్వాసమును కించపరచు మాట పలుకరాదు. అజాన్ వినబడు వేళ వాద్యము నిలుపుట భయము కాదు, మర్యాద. ముఖ్యముగా, ఆ యాత్ర కూలీల జీతములపై సాగు చందాల యాత్ర కారాదు. చర్చికి రాను బస్సు చార్జీ లేనివానిని వెదకి పిలుచుకొను బృందమే ధన్యము.

ఇక మన మాట. దేశములో మనము అల్పసంఖ్యాకులము. ఈ కళాశాల ప్రాంగణములో మాత్రము మనమే అధిక సంఖ్యాకులము. మనతో చదువు క్రైస్తవ, హిందూ విద్యార్థులు ఇక్కడ అతిథులవలె ఒదిగి కూర్చుండుట మనకు గౌరవము కాదు. వార్షికోత్సవ వేదికపై నాత్‌తో పాటు క్రైస్తవ కీర్తనకు, తెలుగు పద్యమునకు సమానమైన సమయము కేటాయింపవలెనని కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము. దోహాలో, కువైటులో ఎట్టి మర్యాద జరుగవలెనని మనము ఆశింతుమో, అది ముందు మన హాలులో జరుగవలెను.