లెవెల్స్ లేకపోవడమే నాకు నచ్చింది

సీ ఆఫ్ థీవ్స్ కొనే ముందు అందరిలాగే నేనూ రివ్యూలు చదివాను. మొదట దొరికింది ఐజీఎన్ వాళ్లు 2018లో, గేమ్ రిలీజైన కొత్తలో ఇచ్చిన రివ్యూ. 10కి 7. సముద్రం బాగుంది, ఓడ నడపడం బాగుంది, కానీ చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాలి, ఎంత ఆడినా మన క్యారెక్టర్ ఎదగదు. మొత్తమ్మీద ఇదీ వాళ్ల కంప్లైంట్. ఆ ఏడాది చాలామంది క్రిటిక్స్ దాదాపు ఇదే అన్నారు.

చేసిన పనే చేయాలన్నది కరెక్టే. రిలీజ్ రోజుల్లో ఉన్నవి మూడు కంపెనీల పనులే: నిధి తవ్వు, అస్థిపంజరాలతో కొట్లాడు, లేదంటే కోళ్లూ పందులూ డెలివరీ చెయ్యి. (అవును, సముద్రపు దొంగలం కోళ్ల డెలివరీ చేస్తాం.) ఫుల్ రేటు పెట్టి కొన్నవాళ్లకి కోపం రావడంలో తప్పు లేదు. నేను సేల్‌లో కొన్నాను కాబట్టి ఆ విషయంలో మాట్లాడను.

నా గొడవంతా "ఎదగదు" అన్న మాటతోనే. ఈ గేమ్‌లో వెయ్యి గంటలు ఆడినవాడి కత్తికీ, ఇవాళ ఇన్‌స్టాల్ చేసినవాడి కత్తికీ డ్యామేజ్ ఒకటే. తుపాకీ అంతే, ఓడ ఫిరంగి కూడా అంతే. షాపులో సంపాదించిన బంగారంతో కొనేవి ఎక్కువగా అందం కోసమే. బట్టలు, తెరచాప రంగులు, అలాంటివి. క్రిటిక్ దీన్ని లోటుగా రాశాడు. నేను మాత్రం గేమ్ కొన్నదే దీనికోసం.

ఎందుకో చెప్తాను. మా ఇంటర్ బ్యాచ్‌లో నలుగురం. ముగ్గురం ఇంజినీరింగ్‌లో చేరాం, ఒకడు నీట్ లాంగ్ టర్మ్‌కి వెళ్లాడు. ఏడాది ఫోన్ లేదు. తిరిగొచ్చాక గ్రూప్‌లో మెసేజ్ పెడితే బ్లూ టిక్ పడేది, రిప్లై వచ్చేది కాదు. మేమేమో సెమిస్టర్లు, ఫెస్ట్‌లు అంటూ మా గోలలో మేముండేవాళ్లం. కలిసి వాలరెంట్ ఆడదాం రమ్మన్నాం. అందులో ర్యాంక్డ్ ఆడాలంటేనే ముందు అకౌంట్ లెవెల్ 20కి చేరాలి. "మళ్లీ ర్యాంకేనా రా" అని కాల్ కట్ చేశాడు.

ఈ గేమ్‌లో మొదటి రాత్రే వాడి చేతికి స్టీరింగ్ ఇచ్చేశాం. పెద్ద ఓడ నలుగురిది. తెరచాప అడ్డం కాబట్టి స్టీరింగ్ దగ్గరున్నవాడికి ముందు ఏముందో సరిగా కనబడదు. మ్యాప్ కింది అంతస్తులో టేబుల్ మీద ఉంటుంది. అందుకని ఒకడు ముందు నిలబడి "రాయి, రాయి, ఎడమకి తిప్పు మామా" అని అరవాలి, ఒకడు కింద మ్యాప్ చూడాలి, ఇంకొకడు గాలిని బట్టి తెరచాప తిప్పాలి. ఓడకి చిల్లు పడితే ఒకడు చెక్క కొడతాడు, ఇంకొకడు బకెట్‌తో నీళ్లు తోడతాడు. వీటిలో దేనికీ లెవెల్ అక్కర్లేదు, నోరుంటే చాలు. మా వాడికి నోరు ముందునుంచీ ఎక్కువే. ఏడాది తర్వాత అది మళ్లీ విన్నాం.

అనుభవం అసలు లెక్కలోకి రాదనను. పాతవాళ్లకి ఫిరంగి గురి బాగా కుదురుతుంది, మేం చాలాసార్లు మునిగాం. ఒకసారి రెండు గంటలు కష్టపడి తెచ్చిన పెట్టెల్ని ఒడ్డు కనబడుతుండగా వేరే ఓడవాళ్లు ఎత్తుకెళ్లారు. అమ్మేదాకా నిధి ఎవరిదీ కాదు, అదీ రూల్. కానీ అక్కడ పోయింది ఆ పెట్టెలే. మర్నాడు మళ్లీ అందరం ఒకే చోట మొదలుపెట్టాం. లెవెల్స్ ఉన్న గేమైతే ముగ్గురం ముందుండేవాళ్లం, వాడు వెనక పరిగెత్తాల్సి వచ్చేది. బయట ఎలాగూ ఆ పనే చేస్తున్నాడు.

ఒక్కడివే ఆడతానంటే మాత్రం ఐజీఎన్ మాటే విను. నేను చిన్న ఓడ వేసుకుని వారం ప్రయత్నించాను, బోర్ కొట్టి చచ్చాను. స్టీరింగ్ వదిలి మ్యాప్ చూడ్డానికి కిందికి దిగితే చాలు, పైకొచ్చేసరికి ఓడ ఏ రాయికో గుద్దుకుని ఉండేది.

నిన్న రాత్రి కూడా స్టీరింగ్ మా వాడిదే. రాయికే గుద్దాడు, తప్పు నాదన్నాడు.