నిలబడి పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి వడ్డిద్దాం

సూరత్‌లోని గోడాదరాలో మన తెలుగిళ్లలో పెళ్లంటే, వచ్చే చుట్టాల్లో చాలామంది సాంచాల మనుషులే, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. కరీంనగర్, వరంగల్, నల్గొండల నుంచి తాతలనాడో తండ్రులనాడో సూరత్ వచ్చి, నేతనే నమ్ముకున్న కుటుంబాలు. 12 గంటల పాళీ అంతా సాంచాల నడుమ తిరుగుతూ, పోగు తెగితే వంగి అతుకుతూ, ఆ కాళ్లతోనే రిసెప్షన్‌కు వస్తారు. అలాంటివాళ్ల చేతికి ప్లేటిచ్చి మళ్లీ నిలబెడుతున్నాం. నాకిది ఏమాత్రం నచ్చడం లేదు.

నేను మండపం వాళ్లకు టేబుల్ ఫ్రిల్లులు కుట్టి ఇస్తాను. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న బల్ల చుట్టుకొలత 16 అడుగులు. కుచ్చు నిండుగా పడాలంటే దానికి రెట్టింపు, అంటే దగ్గరదగ్గర 10 మీటర్ల శాటిన్ పడుతుంది. పెళ్లిపందిరి అందంగా ఉండాలనే నేనూ కోరుకుంటాను, నా ఇల్లు గడిచేది దానితోనే. అయితే ఆ బట్టంతా స్టేజీకి, పానీపూరీ కౌంటర్‌కి, ఐస్‌క్రీం కౌంటర్‌కి పోతోంది. తినడానికి బల్లలు వేయండయ్యా అంటే మాత్రం జాగా లేదంటారు.

పూరీ, ఢోక్లా నిలబడి తినొచ్చు. ఒక చేత్తో తుంచుకుంటే సరిపోతుంది. మన తిండి వేరు. పప్పు వేసుకుని, నెయ్యి పోసుకుని, అన్నం ముద్దగా కలపాలి. చారు అన్నంలోకి ఇంకాలి. ఎడమచేత్తో ప్లేటు పట్టుకుని, చంకలో పిల్లను ఎత్తుకుని ఆ పని ఎవరు చేయగలరు? మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రెండు ముద్దలు తిని ప్లేటు వదిలేస్తున్నారు.

జాగా సంగతి లెక్కేసి చూద్దాం. మనిషికి 2 అడుగులు చాలు. 6 అడుగుల బల్లకు ఒకవైపు ముగ్గురు కూర్చుంటారు. వరసకు 7 బల్లలు, 5 వరసలు వేస్తే 105 మంది బంతి. బల్ల, కుర్చీ, వడ్డించేవాళ్లు నడిచే దారి అన్నీ కలిపి వరసకు 8 అడుగులు. మొత్తం 42 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. పార్టీ ప్లాటులో ఒక మూల సరిపోతుంది. బంతికి అరగంట, శుభ్రం చేయడానికి 10 నిమిషాలు. 400 మందికి నాలుగు బంతులు, మూడు గంటల్లోపే అయిపోతాయి.

తినే బల్ల మీద శాటిన్ వద్దు. ఆకు జారుతుంది, పసుపు మరక పోదు. పైన పేపర్ రోల్ పరవండి, ఫ్రిల్లు ముందువైపు మాత్రమే కట్టించండి. వెనక కట్టిస్తే మోకాళ్లకు అడ్డం. వంటకాలు వేడిగా ఉంచే మంట దగ్గర ఫ్రిల్లు అసలే కట్టనివ్వకండి. పాలిస్టర్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. పిల్లలు తిరిగే చోట ఇది చాలా ప్రమాదం.

మొదటి బంతి రాత్రిపాళీకి పోయేవాళ్లకు ఇవ్వండి. పగటిపాళీ దిగి వచ్చేవాళ్లకు చివరి బంతి ఉంచండి, వాళ్లకు కూరలు అడుగంటకుండా ముందే తీసి పెట్టండి. ప్రతి బంతిలో దారి పక్కన కొన్ని చేతుల కుర్చీలు ముసలివాళ్లకు వదలండి. వడ్డనకు మన గల్లీ పిల్లలున్నారు. అడిగితే కాదనరు, "పెద్దమ్మా, ఇంకొంచెం వేసుకో" అని బతిమాలి మరీ వడ్డిస్తారు. బువ్వం బంతిలో రెండు వైపులవాళ్లను కలిపి కూర్చోబెట్టే మనకు ఈ మర్యాద ఒకరు నేర్పక్కర్లేదు.

మాఘమాసం ముహూర్తాలకు మండపం మాట్లాడుకోబోయే తల్లిదండ్రులకు నాదొక్కటే విన్నపం. బయానా ఇచ్చేముందు బంతుల వరసలు ఎక్కడ వస్తాయో కాగితం మీద గీయించండి. స్టేజీ కొలతలు ఆ తర్వాతే మాట్లాడండి.