చలి దెబ్బ కనిపించదు.. నష్టం లెక్కకు రాదు

* యాసంగి నారుమళ్లకు గండం.. బత్తాయి తోటలకు మేలు
* కూరగాయల్లో పూత రాలుడు.. నిమ్మకు ధర కరవు
* సాయం నిబంధనల్లో చలి ఉన్నా రైతుకు అందేది శూన్యం

నల్లగొండ: వరద వస్తే పొలం మునుగుతుంది. వడగళ్లు పడితే గింజ రాలుతుంది. అధికారులు వస్తారు, ఫొటోలు తీస్తారు, జాబితాలు రాస్తారు. చలి అలా కాదు. అది చప్పుడు లేకుండా వచ్చి పంటను పది పదిహేను రోజులు వెనక్కి నెట్టి వెళ్లిపోతుంది. ఆ పది పదిహేను రోజుల మూల్యం నాలుగు నెలల తర్వాత కల్లంలోనో, మిల్లు దగ్గరో తేలుతుంది. అప్పటికి చలి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో జిల్లా రైతు మోస్తున్న ఈ నష్టం ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

ఉత్తరాదిలో చలి అంటే పొగమంచు, ఆకులపై గడ్డకట్టే మంచు. ఒక్క రాత్రిలో ఆలుగడ్డ, ఆవ పైర్లు మాడిపోయిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. మన దగ్గర లంబసింగి వంటి కొన్ని ఏజెన్సీ ప్రాంతాలను మినహాయిస్తే అంతటి తీవ్రత ఉండదు. ఆదిలాబాద్‌ ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే రోజులు ఏటా వస్తుంటాయి. నల్లగొండలో ఆ స్థాయి అరుదు. అందుకే ఇక్కడి చలిని ఎవరూ విపత్తుగా చూడరు. కానీ పంటకు దెబ్బ తగలడానికి నీరు గడ్డకట్టనవసరం లేదు. వరి నారుకు 15 డిగ్రీలు చాలు.

నారుమడిలోనే మొదటి దెబ్బ

వరి విత్తనం చక్కగా మొలకెత్తాలంటే 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దిగువకు పడితే ఎదుగుదల మందగిస్తుంది. 10-12 డిగ్రీలకు చేరితే దాదాపు నిలిచిపోతుంది. వేళ్లు భూమిలోని భాస్వరాన్ని, జింకును సరిగా తీసుకోలేవు. ఆకులు పసుపుబారి, కొనలు ఎర్రబడతాయి. నారు పొట్టిగా ఉండిపోతుంది. వానాకాలంలో 21 నుంచి 25 రోజులకే నాటుకు వచ్చే నారు యాసంగిలో 30 నుంచి 35 రోజులైనా అందిరాదు. కొన్నిచోట్ల మొలకలు కుళ్లి, మడి మళ్లీ పోయాల్సి వస్తుంది.

సాగర్‌ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు, త్రిపురారం మండలాల్లో ఇది తెలియని రైతు లేడు. అయితే ముందే నారు పోసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. చిక్కంతా అక్కడే ఉంది. వానాకాలం కోతలు నవంబరు దాకా సాగుతాయి. పొలం ఖాళీ అయ్యేదాకా, కాల్వ నీటిపై స్పష్టత వచ్చేదాకా రైతు మడి తయారు చేయలేడు. ఈ రెండూ ఆలస్యమైతే నారు పోసే పని సరిగ్గా చలి ముదిరే డిసెంబరు మూడో వారంలో పడుతుంది.

ఒకవేళ అక్టోబరు నడుమే పోసినా వేరే ప్రమాదం పొంచి ఉంది. 120 రోజుల రకం అక్టోబరులో పోస్తే జనవరి మొదట్లో చిరుపొట్టకు వస్తుంది. పుప్పొడి తయారయ్యే ఆ దశలో రాత్రులు బాగా చల్లబడితే పుప్పొడి పనికిరాకుండా పోయి తాలు గింజలు పెరుగుతాయి. అంటే ముందు పోస్తే పొట్ట దశకు చలి, వెనుక పోస్తే నారుకు చలి. నవంబరు రెండో పక్షం అటూ ఇటూ ఉన్న కొద్దిపాటి వ్యవధే రైతుకు దొరికే దారి. ఆ దారి తప్పితే ఆలస్యం తప్పదు.

చలి మొదలు.. ఎండ తుద

నారుమడిలో పోయిన పదిహేను రోజులు కోతల దగ్గర బయటపడతాయి. మార్చి చివర కోయాల్సిన పొలం ఏప్రిల్‌ రెండో పక్షానికి జరుగుతుంది. గింజ పాలు పోసుకొని గట్టిపడే వేళకు ఎండలు 40 డిగ్రీలకు చేరతాయి. ఆ వేడికి గింజలో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. మిల్లులో ఆడించినప్పుడు బియ్యం బదులు నూక ఎక్కువగా వస్తుంది. ప్రభుత్వానికి క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్నది నిబంధన. యాసంగి ధాన్యంతో అది గిట్టుబాటు కాదన్నది మిల్లర్ల పాత ఫిర్యాదు. అందుకే ఏళ్ల తరబడి యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చి ఇచ్చారు. ఇక ఉప్పుడు బియ్యం తీసుకోలేమని కేంద్రం చెప్పడంతో 2021-22లో ఎంతటి వివాదం చెలరేగిందో రైతులు మరచిపోలేదు. నెలల తరబడి సాగిన ఆ రాజకీయ రగడలో చలి పేరు ఎవరూ ఎత్తలేదు. నిజానికి నూక సమస్యకు సగం బీజం డిసెంబరు నారుమడిలోనే పడుతుంది.

ఏప్రిల్‌ కోతలకు మరో గండం వడగండ్లు. 2023 మార్చి నుంచి మే దాకా కురిసిన అకాల వర్షాలకు కోతకు వచ్చిన వరి నేలపాలైంది. కల్లాల్లో ధాన్యం తడిసి మొలకెత్తింది. ఆ తర్వాత మార్చి లోపలే కోతలు ముగిసేలా యాసంగిని ముందుకు జరపాలని నాటి ప్రభుత్వం సూచించింది. సూచన సమంజసమే. కానీ కాల్వ నీటి విడుదల ప్రణాళిక అందుకు తగినట్లు ముందే తేలకపోతే అది కాగితం మీది సలహాగానే మిగులుతుంది. సన్నాలకు క్వింటాకు రూ.500 బోనస్‌ ఇవ్వడం 2024 వానాకాలం నుంచి మొదలైంది. సన్న గింజకు నూక ముప్పు మరింత ఎక్కువ కాబట్టి యాసంగిలోనూ సన్నాల వైపు మొగ్గే రైతుకు పంటకాలం లెక్క ఇంకా కీలకమవుతుంది.

బత్తాయికి చలే చుట్టం

వరికి శత్రువైన చలి బత్తాయికి చుట్టం. పెద్దఅడిశర్లపల్లి, గుర్రంపోడు, కనగల్‌, చండూరు మండలాల తోటల రైతులు చలి రాకపోతేనే దిగులు పడతారు. ఉష్ణోగ్రత 13 డిగ్రీల దిగువకు వస్తే నారింజ జాతి చెట్టు కొత్త చిగురు వేయడం ఆపి విశ్రాంతికి వెళుతుంది. ఆ విశ్రాంతిలోనే పూమొగ్గకు పునాది పడుతుంది. మన చలి ఒక్కటే ఇందుకు చాలదు కాబట్టి రైతులు నీరు ఆపి తోటలను వాడబెడతారు. చల్క నేలల్లో దాదాపు నెల రోజులు, నల్లరేగడిలో అంతకన్నా ఎక్కువ కాలం నీటిని నిలిపివేసి, ఆకు వాలు ముఖం పట్టాక ఎరువులు వేసి తడి ఇస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో తోట ఒక్కసారిగా పూతకు వస్తుంది. ఆ కాయే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మార్కెట్‌కు వచ్చే సీజన్‌ పంట.

కాయ రంగుకూ చలికీ సంబంధం ఉంది. రాత్రులు చల్లగా ఉంటేనే తొక్కలోని పచ్చదనం విరిగి పసుపు తేలుతుంది. సీజన్‌ కాయ వర్షాకాలంలో పక్వానికి రావడంతో తీపి ఉన్నా తొక్క పచ్చగానే ఉంటుంది. జూన్‌, జులై పూతతో వచ్చే కత్తెర కాయ శీతాకాలమంతా చెట్టుమీద ఊరుతుంది కాబట్టి మంచి రంగు తిరుగుతుంది.

ఈ చుట్టరికానికి పెద్ద ముప్పు డిసెంబరు వాన. వాడబెట్టిన తోటపై మూడు రోజులు ముసురు పడితే నెల రోజుల శ్రమ వృథా. నేల తడిసి, మబ్బులకు రాత్రులు వెచ్చబడి చెట్టు పూతకు బదులు చిగురు వేస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం తుపాను తూర్పు తెలంగాణ జిల్లాల్లోనూ వానలు కురిపించింది. వాడు దశలో ఉన్న తోటకు ఇలాంటి వాన పూత తప్పించే వానే. కాయ రాలితే నష్టం కంటికి కనిపిస్తుంది. రాని పూతకు సాక్ష్యం ఎక్కడుంది? గడచిన రెండు దశాబ్దాల్లో బోర్లు ఎండి తోటలు నరుక్కున్న జిల్లా ఇది. మిగిలిన తోటలకు ఒక్క పూత తప్పినా ఏడాది ఆదాయం పోయినట్లే.

నిమ్మది మరో కథ. చలికాలంలో కాయ ఉంటుంది, అడిగేవారుండరు. నకిరేకల్‌ నిమ్మ మార్కెట్‌కు గిరాకీ ఎండలతో పాటే వస్తుంది. పూత నుంచి కోతకు అయిదారు నెలలు పడుతుంది కాబట్టి ఏప్రిల్‌, మే కాయకు పూత నవంబరులో రావాలి. ఆ లేత పిందె చలిలో నెమ్మదిగా ఎదుగుతుంది, కొంత రాలిపోతుంది. వేసవిలో నిమ్మకాయకు రెక్కలు రావడానికి ఇదొక కారణం. 2022 ఏప్రిల్‌లో చిల్లర ధర కిలో రూ.200 దాటినప్పుడు అమ్ముకోవడానికి కాయ ఉన్న రైతులు కొద్దిమందే.

కూరగాయలు.. పూత రాలుడు, ధర పడుడు

టమాటా పూత నిలవాలంటే రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. 13 డిగ్రీల దిగువకు పడితే పుప్పొడి పనిచేయక పూత రాలుతుంది. నిలిచిన కాయ రంగు తిరగడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. బెండ, బీర, కాకర విత్తనాలు మొలకెత్తడమే కష్టం. వంగ ఎదుగుదల మందగిస్తుంది. తెల్లవారుజామున ఆకులపై నిలిచే మంచు తెగుళ్లకు దారి తీస్తుంది. టమాటాకు ఆకుమాడు, మిరపకు, తీగజాతి కూరగాయలకు బూడిద తెగులు ఈ రోజుల్లోనే ఎక్కువ. మామిడి పూతకూ బూడిద తెగులు, తేనెమంచు పురుగు బెడద ఇప్పుడే.

క్యాబేజీ, కాలీఫ్లవర్‌, క్యారెట్‌, చిక్కుడు, శనగ వంటి పంటలకు మాత్రం చలి వరం. అయితే వీటికి అనుకూలమైన కాలం ఒక్క ఊరికే రాదు. అన్ని ఊళ్ల పంట ఒకేసారి సంతకు చేరి ధర పడిపోతుంది. దిగుబడి తగ్గిన రైతుకు సరకు లేదు, దిగుబడి పెరిగిన రైతుకు ధర లేదు. మంచు ఆరేదాకా కూలీలు కోతకు దిగలేరు. వేకువనే వేలం ముగిసే మార్కెట్లకు ముందురోజు సాయంత్రమే కోసి పంపాలి. రాత్రంతా బండిలో ఉన్న సరకు తాజాదనం తగ్గి ధరకు బేరం మొదలవుతుంది.

రెండు గీతల కింద రైతు

విపత్తు సహాయ నిధి కింద గుర్తించిన విపత్తుల జాబితాలో వరద, కరవు, వడగళ్లతో పాటు మంచు, చలిగాలులూ ఉన్నాయి. పంట నష్టానికి వర్షాధార భూమికి హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉన్న భూమికి రూ.17,000, తోటలకు రూ.22,500 పెట్టుబడి రాయితీ ఇవ్వవచ్చు. కాగితం మీద ఇది భరోసాయే. ఆచరణలో రెండు గీతలు అడ్డుపడుతున్నాయి.

మొదటి గీత వాతావరణ శాఖది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే చలిగాలులుగా పరిగణిస్తారు. 12 డిగ్రీల రాత్రులు వారం రోజులు వరుసగా వచ్చినా ఆ గీత దాటవు. నారు మాత్రం ఎప్పుడో దెబ్బతింటుంది. రెండో గీత పంట నష్టానిది. 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే సాయం. చలి చేసేది జాప్యం, నాసిరకం గింజ, తప్పిన పూత. వీటిని శాతాల్లో కొలిచే పద్ధతి లేదు. పైగా పంటల నమోదు సాధారణంగా నాట్లు పడ్డాక జరుగుతుంది. మళ్లీ పోసిన నారుమడి ఆ లెక్కలోకే రాదు. విత్తనం, దుక్కి, కూలి రెండోసారి రైతు జేబు నుంచే పోతాయి.

చేయదగినవి చేతిలోనే..

నారును కాపాడుకునే మార్గాలు ఖరీదైనవి కావు. విత్తనాన్ని వెచ్చగా మండెకట్టి, బాగా మొలక వచ్చాకే చల్లాలి. సాయంత్రం మడిపై కర్రల ఆధారంతో పాలిథిన్‌ పట్టా గానీ, కలిపి కుట్టిన యూరియా సంచులు గానీ కప్పి ఉదయం తీసివేయాలి. రాత్రి చల్లబడిన నీటిని తెల్లవారాక తీసివేసి, వెచ్చగా ఉండే బోరు నీరు పెట్టాలి. సిఫారసు చేసిన భాస్వరాన్ని నారుమడిలో రెట్టింపు వేయాలని, జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్‌ కలిపి పిచికారీ చేయాలని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. కూరగాయల రైతులు సాయంత్రం తేలికపాటి తడి ఇస్తే నేల వేడి త్వరగా తగ్గదు.

మిగతాది ప్రభుత్వ యంత్రాంగం చేయాలి. యాసంగి నీటి విడుదల తేదీలు అక్టోబరులోనే ప్రకటిస్తే రైతు చలి ముదరక ముందే నారు పోసుకుంటాడు. వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహాలు ఊరి రైతువేదిక దాకా చేరాలి. మండలాల్లోని వాతావరణ కేంద్రాల ఉష్ణోగ్రత వివరాలు రోజూ నమోదవుతూనే ఉన్నాయి. 15 డిగ్రీల దిగువన ఎన్ని రాత్రులు గడిచాయో, ఎన్ని మడులు మళ్లీ పోశారో వ్యవసాయ విస్తరణాధికారులు ఒక్క పట్టికలో రాస్తే చాలు. నష్టం ముందు కాగితం మీదకు రావాలి. సాయం గురించిన చర్చ ఆ తర్వాతే సాధ్యమవుతుంది.