నొప్పి గోలీ, గ్యాస్ గోలీ

హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన కేంద్రం డైరెక్టర్ గారికి, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి,

మిర్యాలగూడలో రైసు మిల్లుల దగ్గర నాకో మందుల షాపుంది. పొద్దున 7 గంటలకు షట్టర్ ఎత్తేసరికే హమాలీలు మెట్ల మీద కూర్చుని ఉంటారు. "అన్నా, నడుము గుంజుతంది. నొప్పుల గోలీ ఇయ్యి, గ్యాస్ గోలీ గూడ పెట్టు." డైక్లోఫెనాక్ రెండు, పాంటాప్రజోల్ రెండు కత్తిరించి కాగితంలో చుట్టిస్తాను. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదని తెలుసు. అయినా ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాను. తప్పు నాదే. నాట్ల రోజుల్లో కోదాడ వైపు ఆడవాళ్లు అడిగేదీ ఈ జతే.

ఈ జత గురించి చదివినప్పటి నుంచి కత్తెర పట్టిన చెయ్యి ఆగుతోంది. డైక్లోఫెనాక్‌కు కాలేయం ఓ చక్కెర ఆమ్లాన్ని తగిలించి, పైత్యరసంతో పేగులోకి పంపేస్తుందట. అక్కడి బ్యాక్టీరియా ఆ ముడి విప్పేస్తే మందు మళ్లీ బయటపడి చిన్నపేగును పుండు చేస్తుంది. గ్యాస్ గోలీ పొట్టనైతే కాపాడుతుంది. కానీ 2011లో కెనడా పరిశోధకులు ఎలుకల మీద చూస్తే, ఆ రకం గోలీలే పేగులో బ్యాక్టీరియాను మార్చి, నొప్పి మందు చేసే గాయాన్ని పెంచాయి. ఎలుకకు జరిగిందే హమాలీకీ జరుగుతుందని నేననను. మనుషుల్లో, అందులోనూ మా మనుషుల్లో, చూసి చెప్పమనే ఈ ఉత్తరం.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో కంపెనీ ల్యాబులో ఆమినోప్టెరిన్ అనే మందు తయారు చేస్తే, దాన్ని బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి చూసింది డాక్టర్ సిడ్నీ ఫార్బర్. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌నే ఇప్పుడు కీళ్లవాతానికి రాస్తున్నారు. అంత దూరమెందుకు, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు కంటిలోపలి వాపున్న రోగుల మలం పరీక్షించి, పేగు బ్యాక్టీరియాలో తేడా ఉందని 2018లో ప్రచురించారు. కంటి డాక్టర్లే పేగు దాకా వెళ్లారు!

ప్రిన్సిపాల్ గారూ, 2019లో మొదలైన మీ కాలేజీ ఓపీకి వచ్చేది ఈ మనుషులే. సీసీఎంబీకి బ్యాక్టీరియా జన్యువులు చదివే యంత్రాలున్నాయి. ఇద్దరూ కలిసి రండి. అయితే ఒక్క మాట. మలం పరీక్షకు డబ్బా చేతిలో పెట్టే ముందు "ఏం గోలీలు మింగుతున్నావు, ఎన్నాళ్ల నుంచి?" అని అడగండి. డాక్టర్ ముందు కూర్చుంటే సగం దాస్తారు, నా దగ్గర దాచరు. హమాలీకి బస్తా లెక్కన కూలి. మీ కోసం సగం పూట పోతే ఆ కూలి కట్టివ్వండి. ఎవరికి ఏముందో మిల్లు సేటుకు తెలియనివ్వకండి, పని పోతుంది. తేలిందేమిటో తెలుగులో ఒక కాగితం మీద రాసి వాళ్లకే ఇవ్వండి.

వచ్చేటట్టయితే 7కి ముందే రండి. 8 దాటితే అందరూ లోడింగులో ఉంటారు.

ఇట్లు,
మిర్యాలగూడ మందుల షాపువాడు