పడవ నాపవలసిన దెవరు?

కాకతీయుల కాలమున పొలముల పోషణకై కొండల నడుమ కట్టలు వేసి వాననీటిని నిలిపిన పాఖాల, రామప్ప, లక్నవరము తటాకములు, శతాబ్దములు గడచినను ఓరుగల్లు సీమకు అన్నము పెట్టుచునే, ఇటీవలి కాలమున విహారస్థలములు గూడ నైనవి. వేలాడు వంతెనలును ద్వీపములును గల లక్నవరమునకు జనము మిక్కుటముగా వచ్చునది శీతకాలముననే. చెరువు నిండుగా నుండును, ఎండ తీక్ష్ణము కాదు, బడిపిల్లల విహారయాత్రలు ఆ నెలలలోనే సాగును. రెండేండ్ల కొకమారు మాఘమున మేడారము జాతరకు పోవు యాత్రికులు సయితము ఇటు మరలుదురు.

శీతకాలపు నీరు నిశ్చలముగా గనబడుటచే అపాయము లేదని తలంచుట పొరపాటు. మబ్బులేని రాత్రులలో నేల తన వేడిమిని శీఘ్రముగా కోల్పోవును గాని నీరు అంత త్వరగా చల్లారదు గనుక, ఆ నీటినుండి లేచిన ఆవిరి చల్లనిగాలి సోకి మంచుగా మారి, కొండల నడుమ గాలి కదలిక లేనిచోట దట్టముగా నిలిచి, ప్రొద్దెక్కువరకు ఎదుటి ద్వీపమును గూడ మరుగుపరచును. నీటిలో మునిగిన మోడులు, రాళ్లు అప్పుడు సరంగునకు కానరావు. వల తీయబోవు జాలరి మంచు విచ్చువరకు ఒడ్డున కూర్చుండగలడు. టిక్కెట్టు కొన్న జనమునకు అంత ఓర్పు ఉండదు. ఇక బంగాళాఖాతమున వాయుగుండము పుట్టెనా, దాని ప్రభావము తీరముతో ఆగదు: 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుఫాను తెలంగాణమున గూడ వర్షము కురిపించినది. ఒడ్డున చెట్లచాటున తెలియని గాలి, అడ్డులేని నీటిపై ఎంత దూరము సాగిన అంత అల లేపును.

అపాయము మంచు, గాలులవలననే గాదు. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారము సాయంకాలము, ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో అనుమతి లేని పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువున విహారమునకు వచ్చిన బడిపిల్లలు 12 మందియు, ఉపాధ్యాయినులు ఇరువురును పడవ మునిగి అసువులు బాసిరి. పిల్లలలో పలువురకు లైఫ్ జాకెట్లే లేవు. ఆ చెరువు పెద్దదియు గాదు, నగరములోనిదే. ఆ తల్లిదండ్రుల దుఃఖము తలచినప్పుడెల్ల మన చెరువుగట్టున వరుసదీరు చిన్నారులే నా కన్నులకు గట్టుదురు.

2021నాటి అంతర్దేశీయ నౌకల చట్టము చెరువులను గూడ తన పరిధిలోనికి గైకొన్నది. అయినను ఏ పడవలో ఎందరెక్కవచ్చునో కాగితము చెప్పగలదు గాని, ఈ ఉదయపు మంచు ఎప్పుడు విచ్చునో అది చెప్పజాలదు. ఓడరేవులలో తుఫాను సూచిక ఎగురవేయునట్లు చెరువు రేవున గూడ, వాతావరణ కేంద్రపు సూచనను చూచి, ఎదుటి ఒడ్డు కనబడునో లేదో చూచి, ప్రతిదినము ఒక జెండా ఎత్తవలెను. జెండా ఎర్రనిదైనచో ఎంతటి పెద్దమనిషి వచ్చినను పడవ కదలరాదు. జాకెట్టు పట్టీలు బిగింపని పిల్లవానిని ఎక్కింపరాదు. పడవ నాపు అధికారము టిక్కెట్లు అమ్మువానిది గాక నీటిని ఎరిగిన సరంగుదిగా ఉండవలెను. ఆగిన దినమున జనుల సొమ్ము వారికి తిరిగి ఈయవలెను, ఆ నష్టమును సరంగు జీతమున కోతపెట్టరాదు.