చిన్న రాష్ట్రము - పెద్ద వ్యాజ్యము

న్యాయస్థానమున నొక ధర్మము కలదు. అర యెకరము మాగాణి గలవాడు దావా తెచ్చినను, వేయి యెకరముల జమీందారు తెచ్చినను, న్యాయాధిపతి హక్కును విచారించునే గాని విస్తీర్ణమును కొలువడు. ప్రజల స్వపరిపాలన విషయమున మాత్రము మన దేశపు పెద్దలు పలుమారు హక్కును విడిచి విస్తీర్ణమునే కొలిచిరి. మీ ప్రాంతము చిన్నది, మీ రాబడి స్వల్పము, పొరుగువారిలో కలిసిపొండని తీర్పు చెప్పిరి. అట్టి తీర్పుపై పదునైదేండ్లు పోరాడి గెలిచిన న్యాయవేత్త యొకరు హిమాలయ ప్రాంతమున నుండిరి. ఆయనయే హిమాచల ప్రదేశపు ప్రథమ ముఖ్యమంత్రి డాక్టరు యశవంత సింగ్ పర్మారు గారు. తెలుగు పాఠకులలో ఆయన పేరెరిగినవారు కొలదిమందియే. కాని ఆయన చరిత్ర మనకు పరాయిది కాదు.

పర్మారు గారు 1906 ఆగస్టు 4వ తేదీన సిర్మూరు సంస్థానమందలి చన్హాలగ్ అను కొండపల్లెలో జన్మించిరి. లాహోరులోను లక్నోలోను విద్య నభ్యసించి, ఎం. ఏ., ఎల్‌ఎల్. బి. పట్టములు పొంది స్వస్థానమునకు మరలిరి. సబ్ జడ్జిగాను, పిమ్మట జిల్లా సెషన్సు జడ్జిగాను పనిచేసిరి. సంస్థానములలో న్యాయాధిపతి పదవి యన ప్రభువు చిత్తముపై నిలుచు కొలువు. ప్రభువుతో పొసగకపోగా 1941లో ఆయన ఆ కొలువును విడిచిరి. అటుపిమ్మట కొండజాతులలోని బహుభర్తృక వివాహాచారమునకు గల సాంఘిక, ఆర్థిక కారణములను పరిశోధించి 1944లో లక్నో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందిరి. పట్టణములవారు నవ్వులాటగా చెప్పుకొను ఆచారమును ఆయన భూమి కొరతకు, బీదరికమునకు ముడివెట్టి చూచిరి. కక్షిదారుని బ్రతుకు తెలియని వకీలు వాదింపజాలడు గదా! ఆయన కక్షిదారులు ఆ కొండప్రజలే.

స్వాతంత్ర్యము వచ్చునాటికి సిమ్లా చుట్టుప్రక్కల సంస్థానములు పెక్కు గలవు. కొన్నింటి విస్తీర్ణము మన తాలూకాలో నాలుగవవంతుకైనను సరిపోదు. ప్రజామండలముల నాయకులలో నొకరైన పర్మారు గారు, 1948 ఫిబ్రవరిలో సుకేతు సంస్థానమున జరిగిన సత్యాగ్రహమునకు ముందు నిలిచినవారిలో నుండిరి. 1948 ఏప్రిల్ 15వ తేదీన సుమారు 30 సంస్థానములు కలిసి హిమాచల ప్రదేశమాయెను. ఐనను ప్రజలకు అధికారము రాలేదు. రాజుల స్థానమున చీఫ్ కమీషనరు వచ్చెను, అంతియే. 1951-52 ఎన్నికల పిమ్మటనే శాసనసభ ఏర్పడి, 1952 మార్చిలో పర్మారు గారు ముఖ్యమంత్రియైరి.

అటుపైన వచ్చినది రాష్ట్రముల పునర్విభజన సంఘము. ఆంధ్రులకు ఈ సంఘము చిరపరిచితము. తెలంగాణమును కొంతకాలము విడిగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట ఆంధ్రతో కలియు విషయమును నిర్ణయించుట మేలని 1955లో చెప్పిన సంఘమే యిది. ముగ్గురు సభ్యులలో ఇరువురు హిమాచలమును పంజాబులో కలుపుమనిరి. అధ్యక్షులైన ఫజల్ అలీ గారు మాత్రము ఆ విషయమున భేదించి, ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. తుదకు విలీనము తప్పెను. కాని అందుకు చెల్లించిన వెల యెంత? 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్ర ప్రదేశ మవతరించిన దినముననే, హిమాచలము కేంద్రపాలిత ప్రాంతమై తన శాసనసభను, మంత్రివర్గమును కోల్పోయెను. పర్మారు గారి పదవియు దానితో పోయెను. పంజాబు వంటి పెద్ద రాష్ట్రమున మంత్రి పదవి కోరినచో ఆయనకు దొరకకుండునా? అయినను పదవి పోయినను ప్రాంతము నిలిచిన చాలునన్న పక్షముననే ఆయన నిలిచిరి. ఇందే ఆయన ఘనత యున్నది.

చిన్న ప్రాంతపు హక్కులు ఎంత బలహీనములో తెలుపు వ్యవహారము మరియొకటి కలదు. పెద్ద భూస్వామ్యములను రద్దుచేసి సాగుదారులకు హక్కు లిచ్చు శాసనమును హిమాచల శాసనసభ చేసియుండెను. 1954లో బిలాసపురము హిమాచలమున కలిసినపుడు సభ సక్రమముగా నేర్పడలేదన్న కారణమున, 1958లో సుప్రీంకోర్టు ఆ శాసనము చెల్లదనెను. పార్లమెంటు ఆ సంవత్సరముననే వేరొక శాసనముచే ఆ సభ చర్యలను ధ్రువపరుపవలసి వచ్చెను. రైతు హక్కు సైతము సభ యొక్క అర్హతపై ఆధారపడియుండునని ఇందువలన తెలియుట లేదా? శాసనసభ కావలెననుట నాయకుల పదవీకాంక్ష యని తేలికగా త్రోసివేయువారు ఈ వ్యాజ్యమును గమనింపవలెను.

1963 జూలై 1వ తేదీన శాసనసభయు, మంత్రివర్గమును తిరిగివచ్చెను. పర్మారు గారు మరల ముఖ్యమంత్రియైరి. 1966 నవంబరు 1వ తేదీన పంజాబు విభజింపబడి, కాంగ్రా, కులూ, సిమ్లా, లాహూలు-స్పితి మొదలగు కొండ ప్రాంతములు హిమాచలమున చేరెను. ఏ పంజాబులో తాము కలిసిపోవలెనని పెద్దలు తీర్పు చెప్పిరో, ఆ పంజాబు కొండలే వచ్చి తమలో కలిసెను! 1971 జనవరి 25వ తేదీన, సిమ్లాలో మంచు కురియుచుండగా, ప్రధానమంత్రి ఇందిరా గాంధీ గారు హిమాచలమును 18వ రాష్ట్రముగా ప్రకటించిరి. అప్పటి జనసంఖ్య సుమారు 34 లక్షలు మాత్రమే.

చిన్న రాష్ట్రములు కేంద్రపు సొమ్ముపై బ్రతుకునని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణ నిరాధారము కాదు. హిమాచలము కేంద్ర సహాయముపై ఎంతయో ఆధారపడినదే. కాని ఆ సొమ్ము ఏ పనికి ముందు, ఏ పనికి వెనుక ఖర్చు కావలెనో నిర్ణయించువారెవరు? మైదానములలోని అధికారియా, కొండలయందలి ఓటరా? పర్మారు గారు రోడ్లకు అగ్రస్థానమిచ్చిరి. పండ్లతోటలకును, అడవులకును ప్రోత్సాహమిచ్చిరి. 1972 నాటి కౌలుదారీ, భూసంస్కరణ శాసనమందలి 118వ సెక్షను, వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వానుమతి లేక సాగుభూమి కొనకుండ అడ్డుకట్ట వేసెను. అది నేటికిని వాదోపవాదములకు గురియగుచునే యున్నది. కాని బయటి ధనవంతుని యెదుట కొండరైతు నిలువజాలడని గుర్తించి అట్టి నిబంధన చేయుటకు, ఆ రైతును ఎరిగిన సభ యొకటి యుండవలెను గదా!

చిన్నతనము దానంతటదియే గుణము కాదు, దోషమును కాదు. 1953లోను, 1956లోను, 2014లోను రాష్ట్రముల కూడికలను, విభజనలను చూచిన తెలుగువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ప్రతి విభజనయు మంచిదని గాని, ప్రతి కలయికయు చెడ్డదని గాని మేము వాదించుట లేదు. మేము కోరునది యొక్కటే. పరిపాలించువాడు పరిపాలింపబడువానికి సమాధానము చెప్పవలసియున్నదా లేదా అను ప్రశ్న ముందు విచారింపబడవలెను. రాబడి లెక్కలు పిదప రావలెను.

1977 జనవరిలో పర్మారు గారు పదవికి రాజీనామా నిచ్చిరి. ఆ పిమ్మట ప్రభుత్వపు కారు నెక్కక, సామాన్య ప్రయాణికుని వలె బస్సులో స్వగ్రామమునకు బయలుదేరిరని అచటి జనులు నేటికిని చెప్పుకొందురు. 1981 మే 2వ తేదీన ఆయన పరమపదించిరి. మా న్యాయవాద సోదరులకు ఒక్క మనవి. మన జిల్లా కోర్టులలో ప్రతిభావంతులకు కొదువ లేదు. మన పట్టణపు పురపాలక సంఘమునకు ఎన్నికలు జరుగకపోయినపుడు, మన గ్రామ పంచాయతీ నిధులు దారి మళ్లినపుడు, ఫీజు లేని ఆ వ్యాజ్యమును చేపట్టువారెందరు? పదునైదేండ్లు ఓపికతో పట్టుకొనియుండువారెందరు? ఆ లెక్క పెరిగిననాడు గాని స్వరాజ్యము పల్లెకు చేరదు.