కమాను వంగడానికే పుట్టింది

పాత జీపుల విషయంలో మా నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో ఒక వింత వేదాంతం స్థిరపడిపోయింది. బండి వెనుకభాగం దిగిందా? ఇంకొక పట్టీ వేయించు. గుంతలో అడుగు తగిలిందా? మరొకటి వేయించు. కమాన్లు పూర్తిగా మార్చవలసి వచ్చిందా? అంగట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా బిరుసైనవి కొను. దీనికంతటికీ మూలసూత్రం ఒక్కటే: వంగనిది బలమైనది. ఆ సూత్రం తప్పు. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. దానిని ఖండించడమే ఈ టపా ఉద్దేశం.

ముందు మాటనే విచారిద్దాం. పారసీకంలో కమాన్ అంటే విల్లు. ఆ మాట మన నోటికి చేరి గుమ్మం మీది వంపుకూ, ఫిడేలు వాయించే కర్రకూ, బండి కింది ఉక్కు పట్టీల కట్టకూ పేరైంది. విల్లు వంగుతుంది గనుకనే బాణాన్ని విసరగలుగుతుంది. వంగని విల్లును మనం కట్టె అంటాం. షెడ్డులో పనివాడు రోజుకు పదిసార్లు పలికే మాటలోనే శాస్త్రమంతా ఇమిడి ఉంది. ఆ మాట పలుకుతూనే దానికి విరుద్ధంగా బండ్లను బిగిస్తున్నాం.

మహీంద్రావారు మన దేశంలో విల్లీస్ జీపులను కూర్చడం 1940ల చివరలో మొదలుపెట్టారు. ఆ వంశానికి చెందిన ఎం.ఎం. 540 వంటి పాత బండ్లకు ముందూ వెనుకా నాలుగూ పట్టీల కమాన్లే. 2020లో వచ్చిన థార్‌లో వెనుక చక్రాలకు కూడా చుట్టల స్ప్రింగులు పెట్టారు గాని, పాతవాటికి ఆ భాగ్యం లేదు. వాటిలో కమానుకు రెండు పనులు. ఒకటి బరువు మోయడం. రెండవది ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచడం. ఈ రెండవ పనిని చాలామంది మరచిపోతారు. మెయిన్ పట్టీ విరిగితే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది, స్టీరింగుకు బండి లొంగదు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాటు మలుపులో అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. పట్టీల బిరుసు వాటి సంఖ్యను బట్టి, మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే మందం గల అయిదు పట్టీల కట్టను ఏడు పట్టీలు చేస్తే బిరుసు నూటికి నలభై పాళ్ళు పెరుగుతుంది. పట్టీల సంఖ్య మార్చకుండా 6 మిల్లీమీటర్లవాటి బదులు 8 మిల్లీమీటర్లవి వేస్తే రెండింతలు దాటుతుంది. రెండూ చేస్తే మూడింతలు మించిపోతుంది. పైగా ఒకే వంపుకు సన్న పట్టీ కన్నా మందపు పట్టీ మీద ఒత్తిడి ఎక్కువ. సన్న పట్టీల నడుమ లారీ పట్టీ ముక్క ఒకటి దూర్చితే అది తన వంతుకు మించిన భారం నెత్తిన వేసుకొని, ముందుగా తానే విరుగుతుంది. అది విరగకపోతే దెబ్బ ఛాసిస్‌కు పోతుంది, కమాన్ బ్రాకెట్ల దగ్గర పగుళ్ళు పుడతాయి. గతుకుల దారిలో చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకు ఎక్కడిది?

అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికి నల్లమల అడవిదారిన జీపులలో పోయే భక్తులను తలచుకోండి. జీపులో వెనుక అడ్డబల్ల అంటే సరిగ్గా ఇరుసు మీది స్థానం. కమాను మింగవలసిన ప్రతి దెబ్బనూ అక్కడ కూర్చున్న ముసలివారి వెన్నెముక మింగుతుంది. ఇది బండి బలమా?

"మేము బరువు మోయాలి కదా" అనేవారి మాటలో న్యాయం ఉంది. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కే నల్లరాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులకు పైనే తూగుతుంది. విగ్రహాలు మోసే బండికి మెత్తని కమాను పనికిరాదు. అయితే విగ్రహాలు మోసేవారెందరు, కర్నూలు-కడప నాలుగు వరుసల రహదారి మీద నలుగురు మనుషులతో తిరిగేవారెందరు? ఎప్పుడో ఒకసారి బరువు వేసేవారికి హెల్పర్ పట్టీ ఉంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు అది ఊరకుంటుంది, బరువు పడినప్పుడే పనిలోకి దిగుతుంది.

ఇక ఎత్తు కోసం బిరుసు కమాన్లు వేయించేవారితోనే నా అసలు తగాదా. సీమ అంటే గాలిలోకి లేచే బండ్లేనని సినిమాలు లోకానికి నేర్పాయి. ఆ బొమ్మను మనమే నమ్మి మన బండ్లకు తగిలించుకోవడం సిగ్గుచేటు. బండి ఎత్తు పెరిగితే గురుత్వకేంద్రం పైకి పోతుంది, మలుపులో పల్టీకి అవకాశం పెరుగుతుంది. జాయింటు రాడ్డు కోణం మారి క్రాసులు అరుగుతాయి. బ్రేకు గొట్టాల పొడవు చాలదు. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా చెబుతున్నది.

కొలిమిలో కాల్చి, కొట్టి, పాత పట్టీలకు మళ్ళీ వంపు ఎక్కించేవారికీ ఒక మాట. స్ప్రింగు ఉక్కును తగిన వేడికి తెచ్చి నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో పదును సరిచేస్తేనే దానికి ఆ గుణం వస్తుంది. కంటి అంచనాతో కాల్చితే ఆ పదును పోతుంది. వంపు నాలుగు నెలలు నిలవదు, ఖర్చు మాత్రం నిలుస్తుంది.

అందుచేత కమాన్లు కొనేవారు ముందు తమ బండి మోసే నిజమైన బరువెంతో తేల్చుకోవాలి. తరువాత కన్ను నుంచి కన్నుకు పొడవు, వెడల్పు, ఒక్కొక్క పట్టీ మందం, సెంటర్ బోల్టు స్థానం కొలుచుకొని, తయారీదారు చెప్పిన కొలతలతో సరిపోల్చాలి. ఎడమది విరిగినా కుడిదానిని కూడా కలిపే మార్చాలి. బుష్షులు, యూ బోల్టులు కొత్తవే వేయాలి, కొంత దూరం నడిచాక మళ్ళీ బిగించాలి. రేగడి మన్ను పట్టీల మధ్య గట్టిపడకుండా కడిగిస్తుండాలి. షాక్ అబ్జార్బర్లు ప్రాణం పోయినవైతే ఎంత మంచి కమాను వేసినా వ్యర్థం.

మెత్తనివారిని చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత మనుషులతో ఆగక ఉక్కు దాకా పోయింది. కాదనే మిత్రులుంటే రండి, వాదిద్దాం. వచ్చేటప్పుడు మీ బండి బరువు, పట్టీల మందం కొలిచి తీసుకురండి. "మా తాతల నాటి నుంచీ ఇలాగే వేస్తున్నాం" అన్నది కొలత కాదు.